ఇంగ్లండ్ బడి సీట్లు: నిబంధన రాసేదెవరు, అడిగేది ఎవరిని?

2027 సెప్టెంబరులో ఇంగ్లండ్‌లో బడిలో చేరే పిల్లలకు సీట్లు ఏ వరసలో ఇవ్వాలన్నది 2026 ఫిబ్రవరి 28 నాటికే తేలిపోవాలి. చట్టం పెట్టిన గడువు అది. అమల్లో ఉన్న నిబంధనను మార్చదలచుకుంటే ముందు జనాన్ని అడగాలి. ఆ అడగడం కూడా 2025 అక్టోబరు 1కి, 2026 జనవరి 31కి మధ్య, కనీసం ఆరు వారాలు సాగాలి. రిసెప్షన్ క్లాసులో, అంటే బడిలోని తొలి తరగతిలో, చేరబోయే పిల్లకు అప్పటికి నిండా రెండేళ్లో మూడేళ్లో ఉంటాయి. అమ్మానాన్నలు ఇంకా నర్సరీ ఫీజుల లెక్కల్లోనే ఉంటారు. కౌన్సిల్ (అక్కడి స్థానిక ప్రభుత్వం) వెబ్‌సైటులో తమ వీధి స్కూలు పరిధి గీతకు ఏ పక్కన ఉందో చూసుకునే తీరిక వాళ్లకెక్కడిది? ఇంట్లో స్కూలు మాట మొదలయ్యేది దరఖాస్తు నింపాల్సిన నెలలో. అప్పటికి నిబంధన ఖాయమై చాలా కాలం అయి ఉంటుంది.

అభిప్రాయం ఎవరెవరిని అడగాలో స్కూల్ అడ్మిషన్స్ కోడ్ అనే ప్రభుత్వ నియమావళి చెబుతుంది. ఇప్పుడు నడుస్తున్న కోడ్ 2021 సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉంది. జాబితాలో మొట్టమొదట ఉన్నది రెండేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలున్న తల్లిదండ్రులు. ‘రెండేళ్లు’ అన్న అంకె ఊరికే వేసింది కాదు. పైన చెప్పిన లెక్క ప్రకారం నిబంధన వర్తించే అతి చిన్న పిల్లల వయసు సరిగ్గా అదే. వాళ్లతో పాటు ఆ ప్రాంతంలోని మిగతా స్కూళ్లను, పొరుగు కౌన్సిళ్లను, మతసంస్థల స్కూలైతే సంబంధిత మతసంస్థను అడగాలి. ఆ పైన ‘ఆసక్తి ఉన్న ఇతరులు’ అనే వర్గం ఒకటుంది. ఆ ఇతరులెవరో తేల్చేది మాత్రం అడిగేవాళ్లే. ఏ మార్పూ తలపెట్టకపోయినా ఏడేళ్లకోసారి అడిగి తీరాలి.

కాగితం మీద ఇది ముచ్చటగా ఉంది. అమల్లో మాత్రం ఈ అభిప్రాయ సేకరణకు జవాబిచ్చేవాళ్లు దాదాపుగా ఒకే రకం మనుషులు. చేతిలో ఉన్నది పోతుందని తెలిసినవాళ్లు. కొత్త నిబంధనతో లాభపడేవాళ్లకు తాము లాభపడుతున్నామన్న సంగతే తెలియదు. కౌన్సిల్ అధికారుల అసలు కష్టం ఇక్కడే ఉంది. వచ్చిన జవాబులు లెక్కపెట్టి నిర్ణయిస్తే గొంతున్న పేటలే గెలుస్తాయి. లెక్కపెట్టకుండా నిర్ణయిస్తే అడగడమెందుకని నిలదీస్తారు.

ఇంతకీ అడిగేది ఎవరు? మన దగ్గర జిల్లా విద్యాశాఖ ఉన్నట్టు అక్కడ కౌన్సిలే అన్ని స్కూళ్లకూ యజమాని అని చాలామంది అనుకుంటారు. అదిప్పుడు సగం నిజం కూడా కాదు. కౌన్సిల్ నడిపే కమ్యూనిటీ స్కూళ్లకు, చర్చి పెట్టినా కౌన్సిల్ అదుపులో ఉండే వాలంటరీ కంట్రోల్డ్ స్కూళ్లకు మాత్రమే అడ్మిషన్ నిబంధనలు రాసే అధికారం కౌన్సిల్‌ది. ఫౌండేషన్ స్కూళ్లలోనూ, చర్చీల చేతుల్లో ఎక్కువగా ఉండే వాలంటరీ ఎయిడెడ్ స్కూళ్లలోనూ ఆ అధికారం పాలకమండలిది. కౌన్సిల్ అదుపులో లేకుండా నేరుగా ప్రభుత్వ నిధులతో నడిచే అకాడమీల్లో, వాటిని నడిపే ట్రస్టుది. సెకండరీ స్కూళ్లలో పదింట ఎనిమిదికి పైగా ఇప్పుడు అకాడమీలే. కాబట్టి ఒకే ఊళ్లో, ఒకే చలికాలంలో ఐదారు వేర్వేరు అభిప్రాయ సేకరణలు నడవొచ్చు. ఒక ట్రస్టు తమ్ముళ్లు, చెల్లెళ్లకు ఇచ్చే ప్రాధాన్యం తీసేస్తానంటుంది. ఇంకో చర్చి స్కూలు బాప్టిజం సర్టిఫికెట్ షరతు మారుస్తానంటుంది. కౌన్సిల్ తన పరిధిలోని ప్రైమరీ స్కూళ్లలో సీట్లు తగ్గిస్తానంటుంది. తల్లిదండ్రులకు ఇదంతా ‘కౌన్సిల్ పని’లాగే కనిపిస్తుంది, తిట్లూ కౌన్సిల్‌కే పడతాయి.

అయినా కౌన్సిల్ చేతులు దులుపుకోడానికి లేదు. ఎవరు రాసిన నిబంధనలైనా అన్నిటినీ ఒకచోట చేర్చి ఏటా సెప్టెంబరు 12లోగా ఒక పుస్తకంగా ప్రచురించాలి. ఒకే ఫారం మీద అన్ని స్కూళ్లకూ దరఖాస్తులు తీసుకోవాలి. సెకండరీకి గడువు అక్టోబరు 31, ప్రైమరీకి జనవరి 15. సీటు కబురు సెకండరీవాళ్లకు మార్చి 1న, ప్రైమరీవాళ్లకు ఏప్రిల్ 16న దేశమంతటా ఒకే రోజు అందుతుంది. వేరే సంస్థ రాసుకున్న నిబంధన చట్టానికి విరుద్ధమని అనుమానం వస్తే స్కూల్స్ అడ్జుడికేటర్ అనే తీర్పరికి ఫిర్యాదు చేయడం కూడా కౌన్సిల్ విధే. పొరుగువాడి కాగితాల్లో తప్పులుంటే పట్టించాలన్నమాట. ఇరుగుపొరుగుల సఖ్యతకు ఇదేమంత మంచిది కాదు.

ఇక నిబంధన రాసే స్వేచ్ఛ ఎంత? బయటినుంచి కనిపించేదానికన్నా బాగా తక్కువ. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ఇచ్చే ఈహెచ్‌సీ ప్లాన్‌లో స్కూలు పేరు రాసి ఉంటే ఆ పిల్లను చేర్చుకుని తీరాలి. సీట్లకన్నా దరఖాస్తులు ఎక్కువైనప్పుడు పాటించే వరసలో మొదటి స్థానం ప్రభుత్వ సంరక్షణలో ఉన్న, ఇదివరలో ఉండి వచ్చిన పిల్లలది. ఆ తర్వాతే తోబుట్టువులు, దూరం, క్యాచ్‌మెంట్ (స్కూలుకు గీత గీసి కేటాయించిన ప్రాంతం), ఫీడర్ స్కూలు (అంతకుముందు చదివిన, ఈ స్కూలుతో ముడిపెట్టిన బడి), సిబ్బంది పిల్లలు, ఉచిత భోజనానికి అర్హులైనవాళ్లు వగైరా. తల్లిదండ్రుల ఉద్యోగం, చదువు, ఆదాయం చూసి ఎంచకూడదు. విరాళం అడగకూడదు. ఇంటర్వ్యూ పెట్టకూడదు. ముందొచ్చినవాళ్లకు ముందు అనడానికి వీల్లేదు. ప్రతిభ చూసి పిల్లలను ఎంచుకునే గ్రామర్ స్కూళ్లు మాత్రం పరీక్ష పెట్టొచ్చు. దేశం మొత్తం మీద అవి 163.

అన్నిటికన్నా కౌన్సిలర్లను ఇరకాటంలో పెట్టేది 1989 నాటి గ్రీనిచ్ తీర్పు. లండన్‌లోని గ్రీనిచ్ బరో (సొంత కౌన్సిల్ ఉన్న నగర భాగం) తన స్కూళ్లలో తన బరో పిల్లలకే ముందు సీట్లని నిబంధన పెట్టుకుంది. సరిహద్దు అవతల ల్యూయిషమ్‌లో ఉన్న జాన్ బాల్ ప్రైమరీ స్కూలు తరఫున కేసు వేశారు. కేవలం కౌన్సిల్ సరిహద్దు చూసి పిల్లలను వెనక్కి నెట్టకూడదని కోర్టు తేల్చింది. పన్ను కట్టేది మేము, సీటు పక్క ఊరివాళ్లకా అని ఓటరు అడిగితే కౌన్సిలర్ దగ్గర జవాబుండదు. చట్టం అలా ఉంది మరి.

మిగిలిన జాగా చిన్నదే అయినా జీవితాలు తారుమారయ్యేది ఆ జాగాలోనే. దూరాన్నే తీసుకోండి. ఇంటినుంచి స్కూలుకు సరళరేఖలో కొలుస్తారా, నడక దారిలోనా? ఇంటి గుమ్మం నుంచా, మ్యాపులో ఆ చిరునామాకు పెట్టిన చుక్క నుంచా? స్కూలు వైపు ప్రధాన గేటు దగ్గరికా, స్థలం మధ్యకా? ఇవన్నీ నిబంధనల్లో రాసి ఉండాలి. కొన్ని స్కూళ్లు అసలు స్కూలు నుంచి కాకుండా, కాస్త దూరాన ఎంచుకున్న ఒక బిందువు నుంచి కొలుస్తాయి, చుట్టుపక్కల మరో స్కూలు లేని పేటకు న్యాయం జరగాలని. ఆ బిందువును రెండు వీధులు జరిపితే ఒక కాలనీ లోపలికి వస్తుంది, మరొకటి బయటికి పోతుంది. ఒకే అపార్ట్‌మెంట్ బ్లాకులో ఉన్న రెండు కుటుంబాలకు దూరం సమానమైతే చీటీలు తీస్తారు. తీసేటప్పుడు స్కూలుతో సంబంధంలేని మనిషి పర్యవేక్షించాలి. సేకరణ పత్రంలో ఇదంతా ఓ అనుబంధంలో, చిన్న అక్షరాల్లో ఉంటుంది. చదవాల్సింది మాత్రం దాన్నే.

అభిప్రాయాలు అడగడానికి ఒక పద్ధతి ఉందని, అది తప్పితే నిర్ణయాన్నే కొట్టేయొచ్చని బ్రిటన్ కోర్టులు చెప్పింది కూడా ఒక బడి గొడవలోనే. 1985లో లండన్‌లోని బ్రెంట్ కౌన్సిల్ స్కూళ్ల మూసివేత, విలీనం తలపెట్టింది. తల్లిదండ్రులు కోర్టుకెళ్లారు. వాళ్ల తరఫున వాదించిన స్టీఫెన్ సెడ్లీ నాలుగు సూత్రాలు ముందుపెట్టారు, కోర్టు ఒప్పుకుంది. నిర్ణయం ఇంకా పచ్చిగా ఉన్నప్పుడే అడగాలి. తెలివిగా జవాబివ్వడానికి సరిపడా కారణాలు చెప్పాలి. తగిన సమయమివ్వాలి. వచ్చిన జవాబులను మనసు పెట్టి పరిశీలించాలి. గన్నింగ్ సూత్రాలుగా స్థిరపడిన వీటిని 2014లో హేరింగే కౌన్సిల్‌కు సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. ఆ నాలుగింటిలో ఎక్కడా ‘మెజారిటీ మాట వినాలి’ అని లేదు. నూటికి తొంభై మంది కాదన్నా కౌన్సిల్ ముందుకు పోవచ్చు. ఎందుకు పోతున్నదో, ఆ తొంభై మంది చెప్పిన కారణాలను ఎలా తూచిందో రికార్డులో కనిపించాలి. అందుకే అధికారుల నివేదికల్లో జవాబుల సంఖ్య ఒక పేరా ఉంటే, ‘లేవనెత్తిన అంశాలు, వాటికి మా స్పందన’ అనే పట్టిక పేజీలకు పేజీలు సాగుతుంది. ఒకే వాక్యాన్ని కాపీ చేసి వందలమంది పంపిన మెయిళ్లు ఆ పట్టికలో ఒకే వరుస అవుతాయి. ఫలానా కూడలి దగ్గర పేవ్‌మెంట్ లేదు, చలికాలం నాలుగింటికే చీకటి పడుతుంది, బస్సు గంటకొకటి అని ఒక్కరు రాసినా దానికి విడిగా ఒక వరుస, విడిగా ఒక జవాబు దక్కుతాయి.

ఈ యంత్రాంగమంతా ఎలా కదులుతుందో చూడాలంటే సముద్రపుటొడ్డు ఊరు బ్రైటన్ అండ్ హోవ్ చరిత్రకు మించింది లేదు. మంచి పేరున్న రెండు సెకండరీ స్కూళ్లు, డొరొతీ స్ట్రింగర్, వార్న్‌డీన్, ఊరి నడిమధ్యన పక్కపక్కనే ఉన్నాయి. దూరాన్ని బట్టి సీట్లిస్తే చుట్టూ ఉన్న ఇళ్ల ధర పెరుగుతుంది, సీటు కొనుక్కున్నట్టవుతుంది. 2007లో కౌన్సిల్ పెద్ద సాహసం చేసింది. ఊరిని క్యాచ్‌మెంట్లుగా విడగొట్టి, ఒక క్యాచ్‌మెంట్ లోపల పోటీ పడేవాళ్ల మధ్య దూరంతో పని లేకుండా కంప్యూటర్ లాటరీ పెట్టింది. 2008లో చేరిన పిల్లల నుంచి ఇది అమలైంది. బడి సీటుకు లాటరీయా అని దేశమంతా గగ్గోలు పెట్టారు. చివరికి చూస్తే లాటరీకన్నా గీతల ప్రభావమే ఎక్కువ. రెండు స్కూళ్లున్న క్యాచ్‌మెంట్‌లో పడ్డవాళ్లకు ఏదో ఒకటి దొరుకుతుంది. ఒకే స్కూలున్న అంచు పేటలవాళ్లకు లాటరీ ఉన్నా లేకపోయినా ఒకటే. పేరు లాటరీది, పని గీతది.

పదిహేడేళ్ల తర్వాత అదే కౌన్సిల్ ఆ గీతల జోలికి వెళ్లింది. ఉచిత భోజనానికి అర్హులైన పిల్లలకు ముందు వరసలో చోటిచ్చే నిబంధన 2025 ప్రవేశాలకే తెచ్చింది. 2026 ప్రవేశాల కోసం 2024 శరదృతువులో మరో ప్రతిపాదన బయటికొచ్చింది: సరిహద్దులు కొంత మార్చడం, కొన్ని స్కూళ్లలో సీట్లు తగ్గించడం, ఒకే స్కూలున్న క్యాచ్‌మెంట్‌లో చిక్కుకున్న పిల్లలకు కోరుకున్న బయటి స్కూళ్లలో 20 శాతం దాకా సీట్లు తెరవడం. మధ్య క్యాచ్‌మెంట్ తల్లిదండ్రులు మండిపడ్డారు. తమ పిల్లలను ఊరి అంచున ఉన్న లాంగ్‌హిల్ స్కూలుకు పంపాల్సి వస్తుందని, రోజూ రెండు బస్సులు మారాలని వాళ్ల వాదన. అంచు పేటల పిల్లలు ఏళ్లుగా బస్సులెక్కుతూనే ఉన్నారు కదా అన్నది అవతలివాళ్ల జవాబు. ఫిబ్రవరిలో గడువు దగ్గరపడే నాటికి ఆ 20 శాతం 5 శాతానికి దిగింది. అలాగే ఆమోదించారు.

దీన్ని అభిప్రాయ సేకరణ పనిచేసిందనడానికి రుజువుగా చూపించొచ్చు. ప్రతిపాదన పచ్చిగా ఉన్నప్పుడే అడిగారు, విన్నారు, మార్చారు. గన్నింగ్ సూత్రాల ప్రకారం తప్పుపట్టడానికి లేదు. కానీ 20 నుంచి 5కు దిగిన దూరం ఎవరి ఖాతాలోంచి పోయిందో కూడా చూడాలి. ఆ పదిహేను శాతం సీట్లు దక్కాల్సిన పిల్లల ఇళ్లలో సేకరణ పత్రం చదివినవాళ్లు ఎందరు? నిర్ణయం సమానత్వం మీద చూపే ప్రభావాన్ని పట్టించుకోవడం 2010 సమానత్వ చట్టం కింద కౌన్సిల్ బాధ్యత; అందుకోసం సాధారణంగా ఒక సమానత్వ ప్రభావ నివేదిక రాస్తారు. మాట్లాడని పక్షం తరఫున ఆ నివేదిక ఒక్కటే వకీలు. అదీ కొన్నిచోట్ల మొక్కుబడిగానే తయారవుతుంది. ఒకప్పుడు ప్రతి ప్రాంతంలో స్కూళ్లు, చర్చిలు, తల్లిదండ్రుల ప్రతినిధులు కూర్చునే అడ్మిషన్ ఫోరం తప్పనిసరిగా ఉండేది. 2011 విద్యాచట్టం ఆ తప్పనిసరిని ఎత్తేసింది. ఏడాది పొడుగునా ఈ విషయాన్ని గమనించే బల్ల పోయింది. ఆరు వారాల ఆన్‌లైన్ ఫారం మిగిలింది.

గీతల గొడవ అన్ని ఊళ్లలో ఉండదు. సీట్ల తగ్గింపు గొడవ మాత్రం ఇప్పుడు ఊరూరా ఉంది. ప్రతి స్కూలుకూ ఒక అడ్మిషన్ నంబర్ ఉంటుంది, ఆ ఏడు కొత్తగా చేరే తరగతిలో ఇన్ని సీట్లని. అది పెంచాలంటే పెద్ద తంతు లేదు. తగ్గించాలంటే అభిప్రాయ సేకరణ తప్పదు. పుట్టే పిల్లలు తగ్గారు, లండన్‌లో అద్దెలు భరించలేక కుటుంబాలు బయటికి పోతున్నాయి, క్లాసుల్లో కుర్చీలు ఖాళీ. స్కూలుకు డబ్బు తలకింతని వస్తుంది. పైగా ఐదు నుంచి ఏడేళ్ల పిల్లల క్లాసులో ఒక టీచరుకు ముప్పై మంది మించకూడదని చట్టం. అరవై సీట్ల స్కూలులో ముప్పై ఐదుగురు చేరారనుకోండి: ఒక క్లాసులో పట్టరు, రెండు క్లాసులు నడిపితే ఇద్దరు టీచర్ల జీతానికి రాబడి చాలదు. నంబరును ముప్పైకి దించితే లెక్క కుదురుతుంది, ఆ ఐదుగురు పక్క స్కూలుకు పోతారు. ఎవరి నంబరు దించాలన్నది ఇక రాజకీయం. కౌన్సిల్ దించగలిగింది తన చేతిలోని స్కూళ్లవే. పక్కనే ఉన్న అకాడమీ తన నంబరు అలాగే ఉంచుకుంటే, ఖాళీ అయ్యేది కమ్యూనిటీ స్కూలే. 2024 డిసెంబరులో వెస్ట్‌మినిస్టర్ పార్లమెంటు ముందుకొచ్చిన చిల్డ్రన్స్ వెల్‌బీయింగ్ అండ్ స్కూల్స్ బిల్లు అకాడమీల నంబర్ల విషయంలోనూ అడ్జుడికేటర్‌కు ఎక్కువ అధికారం ఇవ్వాలనడం వెనక ఉన్నది ఈ చిక్కే. నంబరు దించినా నిలవని స్కూళ్లు మూతపడతాయి. లండన్‌లోని హాక్నీ కౌన్సిల్ 2023 చివర్లో రెండు ప్రైమరీ స్కూళ్లు మూయాలని, మరో నాలుగింటిని రెండుగా కలపాలని నిర్ణయించింది. మూసివేతకు వేరే చట్టప్రక్రియ ఉంది, అది మరో వ్యాసం సరుకు.

నిర్ణయం నచ్చనివాళ్లకు మే 15 దాకా అడ్జుడికేటర్ తలుపు తెరిచే ఉంటుంది. అది కోర్టు కాదు, రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. పేరు, చిరునామా లేకుండా రాస్తే మాత్రం తీసుకోరు. నంబరు తగ్గింపు మీద తల్లిదండ్రులు అభ్యంతరం పెట్టొచ్చు. పెంపు మీద పెట్టడానికి లేదు. అడ్జుడికేటర్ చూసేది నిబంధన చట్టానికి, కోడ్‌కు లోబడి ఉందా, సహేతుకంగా ఉందా అని. అభిప్రాయ సేకరణ సరిగ్గా జరిగిందా అన్నదీ అందులో భాగమే. ఆరు వారాల్లో రెండు వారాలు క్రిస్మస్ సెలవుల్లో పోయాయన్న ఫిర్యాదు తరచూ వినపడుతుంది. ఆయన తీర్పు కట్టుబడి తీరాల్సినదే, కాదంటే హైకోర్టులో జుడీషియల్ రివ్యూ ఒక్కటే దారి.

ఇక తల్లిదండ్రుల ఫారం దగ్గర జరిగేది. ఇక్కడ అపోహే ఎక్కువ. లండన్‌లో ఆరు స్కూళ్ల దాకా, మిగతా చోట్ల కనీసం మూడు రాయొచ్చు. మొదట రాసిన స్కూలు దక్కకపోతే రెండోది కూడా పోతుందని భయపడి, దొరికేదాన్నే పైన రాసే అలవాటు ఇప్పటికీ ఉంది. 2007 కోడ్‌తోనే ఆ పద్ధతి రద్దయింది. ఏ స్కూలును ఎన్నో స్థానంలో రాశారన్నది లెక్కలోకి తీసుకోవడానికి స్కూళ్లకు వీల్లేదు. ప్రతి స్కూలూ తన నిబంధన ప్రకారం పిల్లలను వరసపెడుతుంది. ఒకటికి మించి సీట్లు వచ్చే పిల్లకు, ఫారంలో అన్నిటికన్నా పైన ఉన్నది కౌన్సిల్ ఇస్తుంది. ఇష్టమైనదాన్ని ఇష్టమైన వరసలో రాయడమే తెలివైన పని.

చిరునామా మాత్రం పట్టుబడే చోటు. కౌన్సిల్ ట్యాక్స్ బిల్లు, అద్దె ఒప్పందం అడుగుతారు. స్కూలు దగ్గర ఆరు నెలలు ఇల్లు అద్దెకు తీసుకుని, సొంతిల్లు అలాగే ఉంచుకుంటే ఆ అద్దె చిరునామా చెల్లదని చాలా కౌన్సిళ్లు నిబంధనల్లోనే రాసుకున్నాయి. అతి కూడా చేశారు. 2008లో పూల్ అనే ఊరి కౌన్సిల్ ఒక కుటుంబం నిజంగా క్యాచ్‌మెంట్‌లోనే ఉంటున్నదా అని మూడు వారాలపాటు రహస్యంగా నిఘా పెట్టింది. నేరస్తుల కోసం చేసిన నిఘా చట్టాన్ని వాడింది. అది చట్టవిరుద్ధమని 2010లో ట్రిబ్యునల్ తేల్చింది. ఆ కుటుంబం తప్పేమీ చేయలేదు.

తెలుగువాళ్లకు ఈ తతంగం ఎక్కువగా ఎదురయ్యేది మరో తలుపు దగ్గర. హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో స్కిల్డ్ వర్కర్ వీసా మీద నవంబరులోనో ఫిబ్రవరిలోనో రెడింగ్, స్లౌ, మిల్టన్ కీన్స్ చేరే కుటుంబం అక్టోబరు ఫారం గడువులో ఉండదు. వాళ్లది మధ్యలో వచ్చే దరఖాస్తు. ఎక్కడెక్కడ ఖాళీలున్నాయో అడిగితే కౌన్సిల్ చెప్పాలి. దరఖాస్తు అందాక పది బడి దినాల్లో జవాబివ్వడానికి ప్రయత్నించాలి, పదిహేను దాటకూడదు. వీసా ఏమిటని చూసి సీటు కాదనకూడదు. ఖాళీ ఉంటే చేర్చుకోవాలి; సాధారణంగా ఖాళీ ఉండేది ఎవరూ కోరుకోని స్కూలులో. కోరుకున్న స్కూలు వెయిటింగ్ లిస్టులో పేరు రాయించుకుంటే అక్కడో విడ్డూరం: మూడో స్థానంలో ఉన్న పేరు మరుసటి నెల ఐదుకు వెనక్కి పోవచ్చు. లిస్టులో ఎన్నాళ్లుగా ఉన్నారన్నదానికి విలువ లేదు. కొత్త పేరు చేరినప్పుడల్లా అవే నిబంధనలతో, దూరమో తోబుట్టువో చూసి, అందరినీ మళ్లీ వరసపెడతారు.

ఆ వరస రాసిన నాటికి ఈ కుటుంబం మరో దేశంలో ఉంది. అప్పుడు ప్రతిపాదన మీద జవాబిచ్చినవాళ్లలో పొరుగు కౌన్సిల్ ఉంది, చర్చి ఉంది, వీధి చివరి నివాసుల సంఘం ఉంది. రాబోయేవాళ్ల మాట ‘ఆసక్తి ఉన్న ఇతరులు’ అనే వర్గంలోకి వస్తుందో లేదో నిర్ణయించింది కౌన్సిల్. అలాంటి కుటుంబాలు ఏటా ఎన్ని వస్తున్నాయో, ఏ నెలల్లో వస్తున్నాయో, ఏ పేటల్లో దిగుతున్నాయో మధ్యలో వచ్చిన దరఖాస్తుల రిజిస్టరులో ఉంటుంది. సేకరణ పత్రంతో పాటు ఆ రిజిస్టరు లెక్కలు కూడా జోడించమని కోడ్ ఎక్కడా అడగలేదు. జోడించొద్దనీ అనలేదు.